2019 నాటి కార్డు బాకీ... మూడేళ్లు ఎప్పటి నుంచి?

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అమ్మ ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు మీద 62 వేలు వాడాను. 2019 జులై 5న కట్టాల్సిన బిల్లు కట్టలేకపోయాను. ఆ తర్వాత ఒక్క రూపాయీ కట్టలేదు. ఈమధ్య వేరే కంపెనీ మనిషి వచ్చి, 'బాకీ మేం కొన్నాం, మూడేళ్ల లెక్క మేం కొన్నప్పటి నుంచే' అంటున్నాడు. వెయ్యి కట్టి కాగితం మీద సంతకం చేస్తే వడ్డీ తీసేస్తాడట. చెయ్యమంటారా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: సంతకం చెయ్యకండమ్మా. ముందు ఆ మాట చెప్పి, తర్వాత లెక్కకొస్తాను.

ప్రోనోటు సంగతి మీకు తెలిసే ఉంటుంది. దావా వేయడానికి ఉన్న మూడేళ్లు నిండబోతుంటే అప్పిచ్చినాయన నోటు పట్టుకొచ్చి, వెనకవైపు వంద రూపాయలు చెల్లు వేయించి సంతకం పెట్టించుకుంటాడు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కార్డు బాకీకీ అదే 1963 కాలపరిమితి చట్టం, అవే మూడేళ్లు. కార్డు తీసుకున్న రోజు నుంచి కాదు, నోటీసు అందిన రోజు నుంచీ కాదు. గడువు తేదీకి డబ్బు కట్టని నాటి నుంచి. నెలనెలా వడ్డీ కలిపి స్టేట్‌మెంటు పంపినా, బాకీ చేతులు మారినా లెక్క మళ్లీ మొదటికి రాదు.

అలాగని మీ మీద దావా వేసే గడువు 2022 జులైలో తీరలేదు. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమంది సుప్రీంకోర్టు. అది పోను, 2024 జూన్ మూడో వారంతో తీరింది. ఆలోపే వాళ్లు దావా వేసినా, మీరు బాకీ ఒప్పుకుంటూ ఏదైనా రాసి సంతకం చేసినా లెక్క మారుతుంది. బాగా గుర్తు తెచ్చుకోండి.

ఇలాంటి కాగితాలు నా దగ్గరికి తెస్తుంటారు. పైన పెద్ద అక్షరాల్లో వడ్డీ మాఫీ అని ఉంటుంది. అడుగున, సంతకం గీతకు కాస్త పైన, 'పై బాకీ చెల్లించుటకు ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను' అన్న ఒక్క వాక్యం. ప్రమాదమంతా అందులోనే. గడువు దాటాక కూడా కడతానని రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందం. పోయిన హక్కు మీ చేతుల మీదుగా వాళ్లకు తిరిగొస్తుంది.

బాకీ చెరిగిపోయిందని నేననను. కోర్టుకెళ్లి వసూలు చేసే దారి మూసుకుంది, అంతే. సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రాసే రికార్డులో, మచ్చ వేరే సంగతి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. మీరు భయపడుతూ ఫోన్ ఎత్తక్కర్లేదు.

సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి. వెంటనే లాయరుకు చూపించండి. 2019 జూన్, జులై స్టేట్‌మెంట్లు మీ మెయిల్లో ఉంటే ఇవాళే ప్రింటు తీయించి పెట్టుకోండి. కోర్టులో మీ తేదీలు చెప్పేవి అవే.