సెటిల్‌మెంట్ కాగితం పక్కన పెట్టండి, కేస్ షీట్ తెప్పించుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండో కాన్పు తర్వాత పొట్ట తగ్గలేదని అందరూ అంటుంటే తట్టుకోలేక, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆఫర్ చూసి హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో 2024 జూన్ 12న లైపోసక్షన్ (కొవ్వు తీసే ఆపరేషన్) చేయించుకున్నాను. 1.80 లక్షలు తీసుకున్నారు. లక్ష ఫోన్‌పేలో, మిగతాది నగదుగా ఇచ్చాం. వారం తిరక్కుండానే చీము పట్టింది. ఇప్పుడు పొట్టంతా గుంటలు, మచ్చలు. అడిగినప్పుడల్లా ‘ఇంకో మూడు నెలల్లో సర్దుకుంటుంది’ అన్నారు. ఆ డాక్టర్ అసలు ప్లాస్టిక్ సర్జనే కాదని ఈమధ్యే తెలిసింది. గట్టిగా నిలదీస్తే 60 వేలు వెనక్కి ఇచ్చి, ఫ్రీగా మళ్లీ సరిచేస్తామని, సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టమని అంటున్నారు. మా తమ్ముడు పోలీసు కేసు పెడదామంటున్నాడు. నిద్ర పట్టడం లేదు. నాకు న్యాయం జరుగుతుందా? (ఏప్రిల్ 2026)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ముందు చూసింది తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆపరేషన్ రోజు నుంచే లెక్క వేసుకోండి. అంటే ఈ జూన్ 12 రాకముందే మీ ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో పడాలి. వాళ్లు ‘సర్దుకుంటుంది’ అన్నంత మాత్రాన గడువు ఆగదు. లీగల్ నోటీసు పంపినా ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, చేతిలో సమయం ఉండగా దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. పొట్ట అనుకున్నట్టు రాలేదన్న ఒక్క కారణంతో కేసు గెలవలేరు. ఫలితం బాగా రానంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మీ కేసులో ముందు తేలాల్సిన ప్రశ్న ఇది: ఆ రోజు కత్తి పట్టింది ఎవరు, ఆ పనికి ఆయనకున్న అర్హత ఏమిటి? బోర్డు మీద ‘కాస్మెటిక్ సర్జన్’ అని రాసుకున్నంత మాత్రాన అది డిగ్రీ అయిపోదు. ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేక డిగ్రీ, అంటే ఎంసీహెచ్ గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ ఉందా చూడండి. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళే చెబుతోంది. ఆ నంబర్‌తో తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ఆయన పేరు, నమోదైన డిగ్రీలు సరిచూసుకోండి. అల్లోపతి చదవని వ్యక్తి అల్లోపతి వైద్యం చేస్తే అదే నిర్లక్ష్యమని పూనమ్ వర్మ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన వట్టి ఎంబీబీఎస్ అయితే, లైపోసక్షన్‌లో ఎక్కడ, ఎవరి దగ్గర శిక్షణ పొందారో చూపమని అడగవచ్చు.

ఈ పని ఆపరేషన్‌కు ముందు చేయాల్సింది. పిల్లల పరీక్ష పేపర్లలో అర మార్కు కూడా వదలకుండా దిద్దే మీరు, మీ ఒంటి మీద కత్తి పెట్టే మనిషి చదువేంటో అడగకుండా బల్ల ఎక్కారు. 80 వేలు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదు. ఇప్పుడు ఆ 80 వేలు ఇచ్చినట్టు రుజువు చేయడమే ఒక పని అవుతుంది. ఫోన్‌పే లక్ష ఎవరి ఖాతాకు వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. వాట్సాప్ చాట్‌లో మొత్తం ప్యాకేజీ ధర ఎక్కడైనా రాశారేమో వెతకండి. ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయవద్దు, ఫోన్ మార్చవద్దు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఆఫర్ పోస్టు ఇంకా ఉంటే, వాళ్లు తీసేయకముందే ఈ రోజే భద్రపరచుకోండి.

రేపే క్లినిక్‌కు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపి, కేస్ షీట్, కన్సెంట్ ఫారం (మీ ఒప్పుకోలు పత్రం), ఆపరేషన్ నోట్స్, మత్తు రికార్డు మొత్తం అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది పైన చెప్పిన వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. వాళ్లు రికార్డులు భద్రపరచాల్సింది మూడేళ్లే, అందుకే ఆలస్యం వద్దు. కాగితాలు వచ్చాక మూడు చోట్ల చూడండి: సర్జన్ పేరున్న గడి నింపారా, మత్తు ఇచ్చింది ఎవరు, ఎంత కొవ్వు తీశారో రాశారా. కన్సెంట్ ఫారంలో సర్జన్ పేరు ఖాళీగా ఉంటే అది మీకు పనికొచ్చే సాక్ష్యం. చీము, గుంటలు పడే ప్రమాదం ముందే వివరించి ఒప్పుకోలు తీసుకున్నారా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. రోగికి తెలియాల్సినవి చెప్పకుండా తీసుకున్న సంతకం సమ్మతి కిందకు రాదు.

ఆ సెటిల్‌మెంట్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు. 60 వేలకు ఆశపడి ‘ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు’ అన్న వాక్యం కింద సంతకం చేశారంటే, రేపు కమిషన్‌లో వాళ్లు చూపించే మొదటి కాగితం అదే. ఫ్రీగా సరిచేస్తామన్న మాట అంతకంటే ప్రమాదం. అదే చేతికి మళ్లీ ఒళ్లు అప్పగించడం ఒక ముప్పు, మొదటి ఆపరేషన్ గుర్తులు రెండో దానితో చెరిగిపోవడం ఇంకో ముప్పు.

మీ తమ్ముడి కోపం అర్థమైంది. కానీ వైద్యుల మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, దాని మీద మరో డాక్టర్ నిష్పాక్షిక అభిప్రాయం కావాలి. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఆయనకు డిగ్రీయే లేదని తేలితే ఆ దారి అప్పుడు చూద్దాం. స్టేషన్ చుట్టూ తిరుగుతూ జూన్ దాటబెట్టుకోకండి.

వేరే చోట సరిచేయించుకునే ముందు ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి వెళ్లి, ఇప్పుడున్న స్థితి రాతపూర్వకంగా నమోదు చేయించుకోండి. తేదీతో ఫొటోలు తీయించండి. ఈసారి డాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు డిగ్రీతో పాటు, మత్తు డాక్టర్ ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా, ఏదైనా తేడా వస్తే అక్కడ ఐసీయూ ఉందా అని నేరుగా అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కున్న చోట వద్దు.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. మీరు ఉండే చోటే వేయవచ్చని 2019 వినియోగదారుల చట్టం చెబుతోంది కాబట్టి ఖమ్మం జిల్లా కమిషన్‌లో, క్లినిక్‌నూ డాక్టర్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అయిన ఖర్చుతో పాటు సరిచేయించుకునే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కూడా కోరండి. కాగితాలు ఇవ్వకుండా సతాయిస్తే, మీ లేఖ నకలు, పోస్టాఫీసు రసీదు ఫిర్యాదుకు జతచేసి, రికార్డులు తెప్పించమని కమిషన్‌నే కోరండి. వాటి కోసం ఎదురుచూస్తూ మే నెల మాత్రం దాటనివ్వకండి.