వైరల్ న్యుమోనియాలో క్రియాటినిన్ పెరిగితే ఇమ్యూనిటీ పెంచాలా? మా నాన్న విషయంలో నేను తెలుసుకున్నది

మీ మావయ్యగారు వైరల్ న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నారని, క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన వ్యర్థం, అవి సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరుగుతుంది) పెరుగుతోందని, ఇమ్యూనిటీ పెంచే మందులో కషాయమో ఇస్తే కిడ్నీలు నిలబడతాయా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. కానీ 2021 మేలో మా నాన్నకి కోవిడ్ వచ్చినప్పుడు సరిగ్గా ఇదే ప్రశ్న నేనూ అడిగాను కాబట్టి చెప్తున్నాను: డాక్టర్ని అడగకుండా దయచేసి ఏమీ ఇవ్వకండి.

నాన్నకి అప్పుడు 61 ఏళ్లు. షుగర్ ఉంది గానీ కిడ్నీల ఇబ్బంది ఎప్పుడూ లేదు, చేరిన రోజు క్రియాటినిన్ 1.0. ఐదో రోజుకి 2.6, ఏడో రోజుకి 4.1. మా అందరి కళ్లూ ఆక్సిజన్ నంబరు మీదే ఉండేవి, యూరిన్ బ్యాగు వైపు ఎవరం చూడలేదు. అమ్మ మాత్రం రోజూ మిరియాలు, అల్లం, తిప్పతీగ వేసి కషాయం కాచి ఫ్లాస్కులో పోసి పంపేది, ఒంట్లో శక్తి చాలక ఇలా అవుతోందని ఆమె నమ్మకం, నాదీ అదే. నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) విని, "ఇమ్యూనిటీ తక్కువై కాదమ్మా, ఆగాల్సిన చోట ఆగక ఇలా అయింది" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను. వైరస్‌ని చూసి మన రక్షణ కణాలు సైటోకైన్లనే రసాయనాలు వదులుతాయి, ఐఎల్-6 అలాంటిదే. జబ్బు ముదిరితే ఇవి హద్దు దాటి రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది, సన్నని నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి (డీ-డైమర్ పరీక్ష మాటిమాటికీ చేయించేది ఈ గడ్డల భయంతోనే). గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది, కాబట్టి ఆ దెబ్బ వాటికి గట్టిగా తగులుతుంది. ముఖ్యంగా వడపోసిన నీటిలోంచి ఒంటికి కావలసినవి వెనక్కి లాగే సన్నని గొట్టాలు, వాటినే ట్యూబ్యూల్స్ అంటారు, ఆక్సిజన్ అందక పాడవుతాయి. కరోనా నేరుగా కిడ్నీలోకి కూడా వెళ్తుందా అంటే, చనిపోయినవాళ్ల కిడ్నీలు పరీక్షిస్తే కొందరిలో వైరస్ కనిపించింది, కొందరిలో కనిపించలేదు. వైరస్ లేనిచోట కూడా ట్యూబ్యూల్స్ దెబ్బతిన్నాయి.

నన్ను పూర్తిగా ఒప్పించింది స్టెరాయిడ్ సంగతి. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని 'రికవరీ' అనే ట్రయల్ (రోగులకి మందులిచ్చి చూసే పరీక్ష) ఫలితాలు వచ్చాయి: రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పది రోజుల దాకా ఇస్తే వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ మేలూ కనిపించలేదు. డెక్సామెథసోన్ ఇమ్యూనిటీని అణిచే మందు! ఒకవైపు నాన్నకి అదే ఎక్కుతుంటే మేము ఇంకోవైపు ఇమ్యూనిటీ పెంచాలని కషాయం పంపుతున్నాం. అలాగని మీరు స్టెరాయిడ్ ఇమ్మని పట్టుబట్టకండి, అన్ని వైరస్‌లకీ అది మంచిది కాదు, పైగా షుగర్ ఉన్నవాళ్లకి దాంతో వేరే ప్రమాదాలున్నాయి.

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆసుపత్రికి వెళ్లకముందు ఒళ్లు నొప్పులకని ఊళ్లో మూడు రోజులు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చేయించాం. అసలే రక్తం అందని కిడ్నీకి ఆ మందు రక్తాన్ని ఇంకా తగ్గిస్తుందని మాకెవరూ చెప్పలేదు. మీ మావయ్యగారికి ముందు అలాంటివేమైనా పడి ఉంటే దాచకుండా డాక్టర్‌కి చెప్పండి.

నాన్నకి నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. డయాలసిస్ అనగానే జీవితాంతం అనుకుని నేను కారిడార్‌లో ఏడ్చేశాను, కానీ ఇలా హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో మళ్లీ కోలుకుంటాయి. పన్నెండో రోజున యూరిన్ పెరిగింది, ఇంటికొచ్చేటప్పటికి క్రియాటినిన్ 1.5, మూడు నెలలకి 1.2. ఇప్పటికీ ఆరు నెలలకోసారి క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చూపిస్తున్నాం.

రేపు డాక్టర్ని కలిసినప్పుడు గత 24 గంటల్లో యూరిన్ ఎంత వచ్చిందో అడగండి. 70 కిలోల మనిషికి గంటకి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఆరు గంటలు వస్తే దాన్ని కిడ్నీ దెబ్బతిన్న గుర్తుగానే లెక్కిస్తారు. ఇంట్లో మావయ్యగారి పాత రక్త పరీక్షల కాగితాలుంటే వెతికి, పాత క్రియాటినిన్ ఎంతో ఫొటో తీసి ఇవాళే పంపండి. ముందు నుంచే ఎక్కువుందా, ఈ జ్వరంతోనే పెరిగిందా అన్నది వాళ్లకి దాన్నిబట్టే తెలుస్తుంది.