ఎక్స్ఛేంజ్ లేని లండన్‌లో డబ్బు లేకుండా షేర్లు ఎలా ఆడేవాళ్ళు?

"స్టాక్ ఎక్స్ఛేంజ్ బిల్డింగే లేని 18వ శతాబ్దపు లండన్‌లో చేతిలో డబ్బు లేకుండా షేర్లు ఎలా ఆడేవాళ్ళు?" అని అడిగారు కదా.

ఇప్పటి ఫ్యూచర్స్‌లాగే, అంటే రాబోయే తేదీకి ధర ముందే కుదుర్చుకునే బేరాల్లాగే, ఆడేవాళ్ళండీ. ఎక్స్ఛేంజ్ ఆలీ అనే సందులో జొనాథన్స్ కాఫీహౌస్ ఉండేది. ఫలానా తేదీకి ఫలానా ధరకు కొంటానని అక్కడ బేరం కుదుర్చుకునేవారు. మూడు నెలలకోసారి లెక్క తేల్చుకునే రోజు వచ్చేది. ఆ రోజు షేర్లు చేతులు మారక్కర్లేదు, ధరలో తేడా కడితే చాలు. లేదంటే ఆ బేరాన్ని వచ్చే గడువుకు జరుపుకోవచ్చు. 1734లో పార్లమెంటు ఈ బేరాలను నిషేధించినా అవి ఆగలేదు. తేడా కట్టలేక చేతులెత్తేసినవాడిని "కుంటి బాతు" అనేవారు.

2008 జనవరిలో నేనూ అలాంటి బాతునే. 21న మార్కెట్ కూలింది. మర్నాడు పొద్దున్నే లోయర్ సర్క్యూట్ (మార్కెట్ అంతవరకు పడితే ట్రేడింగ్ ఆపేసే హద్దు) తగిలి ట్రేడింగ్ గంటసేపు ఆగిపోయింది. ఆ గంటలోనే బ్రోకర్ ఆఫీసు నుంచి ఫోన్: మార్జిన్ (నష్టానికి పూచీగా ఉంచే సొమ్ము) కట్టండి, లేకపోతే స్క్వేర్ ఆఫ్ చేస్తాం, అంటే మీ షేర్లు అమ్మేస్తాం. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాను, చాలలేదు. నా షేర్లన్నీ అట్టడుగు ధరకు అమ్మేశారు.

అందుకే నన్ను బాగా పట్టుకున్నది 1769 నాటి ఈస్టిండియా కంపెనీ షేరు పతనం. 1765లో కంపెనీకి బెంగాల్ దివానీ, అంటే అక్కడి రైతు కట్టే శిస్తు వసూలు చేసుకునే హక్కు, దక్కింది. ఆ వార్త 1766 ఏప్రిల్‌లో లండన్ చేరగానే షేరు ఎగబాకింది. బెంగాల్‌లో కంపెనీ గవర్నర్ క్లైవ్ అయితే, తన డబ్బంతా కంపెనీ షేర్లలో పెట్టమని తన మనుషులకు ముందే రాసి పంపాడు. అదే ఏడాది ఉత్తర సర్కారులు కూడా నిజాం నుంచి కంపెనీకి వచ్చాయి. డివిడెండ్, అంటే వాటాదారులకు పంచే లాభం, 6 శాతం నుంచి 10కి పెంచారు. పెద్ద పెద్ద వాళ్ళు, ఎంపీలు కూడా, అప్పు చేసి కొన్నారు.

1769 మే చివర్లో ఇంకో వార్త వచ్చింది: మైసూరు పాలకుడు హైదర్ అలీ, కంపెనీ మిత్రుడైన ఆర్కాటు నవాబు రాజ్యాన్ని ధ్వంసం చేస్తున్నాడని. షేరు కూలిపోయింది. అయితే హైదర్ మద్రాసు గుమ్మం దాకా వచ్చి సంధి చేసుకోవడం ఏప్రిల్ మొదట్లోనే జరిగిపోయింది. ఓడలు నెలల తరబడి ప్రయాణించే కాలం కదా, లండన్‌కు ఆ సంగతి ఇంకా తెలియదు. సొంత డబ్బుతో కొన్నవాడు వచ్చే ఓడ కోసం ఎదురుచూడొచ్చు. అప్పు మీద కొన్నవాడికి ఆ వీలు లేదు, గడువు నాటికి తేడా కట్టాలి. నాకు ఫోన్ వచ్చిన రోజు పరిస్థితి సరిగ్గా ఇదే. కంపెనీల మీద నా అంచనా తప్పా ఒప్పా అన్నది తేలేదాకా ఆగే స్తోమత నాకు లేదు.

2008 నాటి ఆ అప్పు తీర్చడానికి నేను నాలుగేళ్ళు మస్కట్‌లో పనిచేశాను. 1769లో దివాలా తీసిన ఎంపీ లాక్లిన్ మెక్లీన్ కంపెనీ ఉద్యోగం సంపాదించుకుని 1772లో బెంగాల్‌కే వచ్చాడు.