కూరలో పొడి కలపొద్దు, గదిలో పెట్టి తాళం వేయొద్దు

రాజోలు దగ్గర నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీ వారు కొబ్బరి దింపుకి వెళ్తారని, పొద్దున్నే మందు పడకపోతే చేతులు వణుకుతాయని, మొన్న శివరాత్రికి మానేస్తే రెండో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ దులుపుతూ కూర్చున్నారని రాశారు. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారట. ఇప్పుడు మీ అత్తగారు తాగుడు మాన్పించడానికి ఆయనకి తెలియకుండా కూరలో కలిపే పొడి తెప్పిస్తానంటున్నారు, మరిదేమో గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడంటున్నాడు.

రెండూ వద్దమ్మా.

అది గాలి కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా మందు ఆగిపోతే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించి, తానెక్కడున్నాడో తెలియక ప్రాణం మీదకి రావచ్చు. తాళం వేసిన గదిలో అది ఎవరు చూస్తారు? ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఒకటి ఎక్కించి సరిపెట్టడం కూడా మంచిది కాదు, బాగా తాగేవాళ్లకి బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ పెడితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక ఆ పొడి. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటిదైతే దాని మీద మందు తాగిన మనిషికి వాంతులు, గుండెదడ వచ్చి బీపీ పడిపోతుంది, అప్పుడాయన చెట్టు మీదుంటే? డాక్టర్లు కూడా దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. పైగా తెలిసిన రోజు నుంచి మీ చేతి ముద్ద నమ్మరు.

పొద్దున్న మత్తు లేనప్పుడు, ఎవరూ లేకుండా చూసి, "చేతులు ఇలా వణుకుతుంటే చెట్టెలా ఎక్కుతావు, డాక్టరుకి చూపిద్దాం" అనండి. ఆయన లోపల భయం కూడా అదే అయ్యుంటుంది. ముందు 14446కి ఫోన్ చేయండి, వ్యసన విముక్తి కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. లేదా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. చీమల సంగతి మీరే చెప్పండి, ఆయనకి గుర్తుండకపోవచ్చు. అక్కడికి చేరేదాకా ఒక్కసారిగా ఆపించకండి, ఈ మాట మీకు కష్టంగానే ఉంటుంది కానీ తప్పదు. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా వెంటనే 108.

ఊళ్లో తెలిసిపోతుందన్న టెన్షన్ వద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. చికిత్స అయి ఇంటికొచ్చాక కూలి డబ్బు చేతికందే సాయంత్రాలు ఎవరో ఒకరు తోడుండేలా చూడండి. ఎప్పుడైనా తాగి వస్తే ఆ రాత్రి గొడవ పెట్టుకోకండి, మర్నాడే మళ్లీ ఓపీకి తీసుకెళ్లండి.