కారు కబుర్లు: రెండే కొత్తవైతే ఏ చక్రాలకు వేయాలి?

ఈ నెల ఉత్తరాల్లో సగం టైర్ల గురించే. చెన్నైలో దీపావళి దగ్గరపడితే ఇంతే. ఏప్రిల్, మే ఎండల్లో ఎవరికీ గుర్తురాని టైరు మొదటి వానకు గుర్తొస్తుంది. మా వలసరవాక్కం షాపులోనూ అదే వరస.

● అన్నా, నమస్తే. మాది ఒంగోలు, ఉద్యోగం షోళింగనల్లూరులో. మూడు నెలల కిందట 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. టైర్లు సగం ఉన్నాయని చెప్పి అమ్మారు. సైజు 225/45 ఆర్17. మొన్న వానలో సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. రెండు కొటేషన్లు తెచ్చాను. ఒకటి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, రెండోది మెత్తగా పోయే మామూలు టూరింగ్ టైరు. నాలుగింటికి కలిపి 18 వేలు తేడా. 45కి బదులు 50 ప్రొఫైల్, అంటే పక్కగోడ ఇంకా ఎత్తున్న టైరు వేసుకుంటే గుంతల్లో రిమ్ములు బతుకుతాయని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏది వేయమంటారు? ఫొటోలు పంపుతున్నాను.

తమ్ముడూ, కొటేషన్లు కాసేపు పక్కన పెట్టు. నువ్వు పంపిన మూడో ఫొటోలో సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద డాట్ అనే అక్షరాల వరస చివర 1418 అని ఉంది. 2018లో 14వ వారం, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైన టైరు. ఏడేళ్లు దాటింది. ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాడుల భాగం) ఎంత మిగిలినా ఆ రబ్బరులో పస అయిపోయింది. బొటనవేలి గోరు ట్రెడ్ మీద గుచ్చి చూడు. కొత్త టైరులో కాస్త దిగి, తీయగానే గుంట పూడిపోతుంది. నీ టైరు మీద గీత కూడా పడదు. 230 గుర్రాల ఇంజను ఉన్న కారు ముందు చక్రాలతోనే లాగుతుంది. కింద రాయిలాంటి రబ్బరు, దాని కింద తడి. తిరగక ఏం చేస్తాయి?

అమ్మినవాళ్లు చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు. బయటి అంచున సగం ఉన్నమాట నిజం. స్టీరింగ్‌ని ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక్కి వంగి, ఫోన్ టార్చి వేసి లోపలి అంచు చూడు. నాలుగో ఫొటోలో ఒక మూల కనబడుతున్నదాన్ని బట్టి అక్కడ బోడి అయి ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి రాయి, మళ్లీ బయటి నుంచి లోపలికి. ఒకవైపు నున్నగా జారి, ఇంకోవైపు రంపం పళ్లలా తగిలితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, తప్పినట్టే. మెట్రో పనులు జరుగుతున్న ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద రోజూ తిరిగే కారుకు అలైన్‌మెంట్ తప్పకపోతేనే ఆశ్చర్యం. సస్పెన్షన్ బుష్‌లు, బాల్‌జాయింట్లు చూపించకుండా, అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త టైర్లు వేస్తే పదివేల కిలోమీటర్లలో మళ్లీ లోపలి అంచు తినేస్తుంది. 18 వేల తేడా గురించి ఆలోచించేవాడివి ఆ నష్టం గురించి ముందు ఆలోచించు.

ఇప్పుడు కొటేషన్లు. నువ్వు రోజూ ఆఫీసుకే వెళ్లొచ్చే మనిషివైతే టూరింగ్ టైరు చాలనేవాణ్ని. చప్పుడు తక్కువ, ఒళ్లు నొప్పులు తక్కువ, ఎక్కువ కాలం వస్తుంది. కానీ నెలకోసారి నెల్లూరు మీదుగా ఒంగోలు వెళ్తానని, ఎప్పుడైనా ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద కూడా తిప్పాలనుందని కింద రాశావు. వీఆర్‌ఎస్ కొన్నవాడు ఆ కారు నడిపినట్టే నడుపుతాడు. పైలట్ స్పోర్ట్ వేసుకో. దాని భుజాలు, అంటే ట్రెడ్ అంచులు, గట్టిగా ఉంటాయి, స్టీరింగ్ తిప్పగానే కారు ముక్కు అటు తిరుగుతుంది, తడిలో బ్రేకు బాగా పట్టుకుంటుంది. సైడ్‌వాల్ గట్టిది కాబట్టి గుంతలో పడ్డప్పుడు నడుముకు తెలుస్తుంది. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

50 ప్రొఫైల్ వద్దు. లెక్క నువ్వే వేసుకో. 225 మి.మీ. వెడల్పులో 45 శాతం అంటే సైడ్‌వాల్ ఎత్తు 101 మి.మీ. పైన కింద కలిపి, మధ్యలో 17 అంగుళాల రిమ్ము వేస్తే మొత్తం ఎత్తు 634 మి.మీ. దాకా. అదే 50 అయితే 657. మూడున్నర శాతం పెద్దది. కారు వేగం ఎక్కువున్నా మీటరు తక్కువ చూపిస్తుంది, బండి బరువెక్కినప్పుడు చక్రం గూడు లోపలి లైనర్‌కు రాసుకునే ప్రమాదం ఉంది. గుంతల నుంచి రిమ్మును కాపాడేది సరైన గాలి. డ్రైవర్ వైపు డోర్ దగ్గరో, పెట్రోలు మూత లోపలో కంపెనీ అంటించిన స్టిక్కర్ ఉంటుంది. అందులో ఉన్నంత గాలి పొద్దున్నే, కారు కదలకముందు కొట్టించు.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం కూడా చూడు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 94 అంటే 670. వి అంటే గంటకు 240 కి.మీ. దాకా, డబ్ల్యూ అంటే 270 దాకా. నీ కారు గరిష్ఠ వేగం 240 దాటుతుంది కాబట్టి డబ్ల్యూకి తగ్గనివ్వకు. మన రోడ్ల మీద ఆ స్పీడు ఎవరికీ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తి గురించి కూడా చెబుతుంది. మే నెలలో మధ్యాహ్నం గూడూరు దాటాక హైవే ఎలా కాలుతుందో నీకు తెలియంది కాదు.

డబ్బు కట్టేముందు షాపువాణ్ని నాలుగు టైర్ల డాట్ అంకెలూ చూపించమను. 2020 జూన్‌లో మన ప్రభుత్వం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అప్పటి నుంచి ఇలాంటి సైజుల్లో విదేశీ సరుకు ఎప్పుడూ ఒకేలా దొరకదు, పాత స్టాకు అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఏడాది లోపువైతే నిశ్చింతగా తీసుకో. రెండేళ్లు దాటితే వేరే షాపు చూసుకో. బిల్లులో జీఎస్టీ 18 శాతమే ఉండాలి, 2025 సెప్టెంబరు 22 నుంచి 28 కాదు. ఫిట్టింగప్పుడు కుర్రాడు గాలి గన్నుతో టర్రుమనిపించి వదిలేస్తే ఒప్పుకోకు. నీ కారు బోల్టులు టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

● బాబాయ్ గారూ, మేం అన్నానగర్‌లో ఉంటాం. నేను నడిపేది ఐ20 ఎన్ లైన్, టైర్లు 195/55 ఆర్16. ముందు రెండిటి ట్రెడ్ లోతు 2 మి.మీ.కి అరిగింది, వెనకవి 4 ఉన్నాయి. ఇప్పుడు రెండే మార్చగలం. ఇంజను ముందుంది కాబట్టి కొత్తవి ముందుకే వేయాలని మావారు. వెనక్కి వేయాలని మా తమ్ముడు. ఇంట్లో పెద్ద వాదనే నడుస్తోంది.

అమ్మా, మీ తమ్ముడే రైటు. మీవారిని తప్పుపట్టలేను, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

2011 నవంబరు. ఒక పాత కస్టమర్ రెండే టైర్లు తీసుకున్నాడు. లాగేది ముందు చక్రాలు, తిప్పేది ముందు చక్రాలు, బ్రేకు బరువు పడేదీ వాటి మీదే అని నేనే చెప్పి కొత్తవి ముందుకు వేశాను. నాలుగో రోజు రాత్రి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కోవళం దాటాక వంపులో నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందు టైర్లు నీటిని చీల్చుకుని వెళ్లిపోయాయి. వెనక బోడి టైర్లు నీటి మీద తేలాయి. ఆయన భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీశాడు. తీయగానే వెనక భాగం ముందుకొచ్చేసింది. బండి గుండ్రంగా తిరిగి సరుగుడు తోట కంచెలోకి, ఇసుకలోకి దిగబడింది. దెబ్బలు తగల్లేదు. మర్నాడు పొద్దున కారుతో షాపుకొచ్చాడు. వెనక బంపర్ నిండా సరుగుడు పుల్లలు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మామూలుగా పట్టు తిరిగొస్తుంది, ఎవరైనా అప్రయత్నంగా చేసే పనే అది. వెనక చక్రాలు జారితే కారు తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడం అందరి వల్లా అయ్యే పని కాదు. అందుకే ఏ చక్రాలు లాగినా సరే, మంచి టైర్లు వెనక ఉండాలి. మీ వెనకున్న 4 మి.మీ. జత ముందుకు రావాలి, కొత్తవి వెనక్కి వెళ్లాలి. కొత్తవి పాతవాటి కంపెనీ, పాతవాటి ప్యాటర్న్‌లోనే తీసుకోండి. చట్టం 1.6 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. నేను మాత్రం చెన్నైలో 3 దగ్గరే మార్చమంటాను. కాబట్టి ముందుకు వెళ్లే జతకు కూడా ఎక్కువ కాలం లేదు, వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే చీటీ కట్టుకోండి.

● మాది బెసంట్‌నగర్. బీఎండబ్ల్యూ 3 సిరీస్, వెనక వెడల్పు టైర్లు. కంపెనీ రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) తీసేసి మామూలు టైర్లు వేద్దామనుకుంటున్నాను. స్టెప్నీ లేదు. తప్పా?

తప్పు కాదు. స్టెప్నీ లేని కారు నడపడం చట్టవిరుద్ధమూ కాదు. టైరు గాలి చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు 2020లోనే మినహాయింపు ఇచ్చారు. మామూలు టైర్లతో కారు చాలా సుఖంగా పోతుంది. పోయేది ఒకటే ధైర్యం. రన్‌ఫ్లాట్ గాలి లేకుండా గంటకు 80 మించకుండా సుమారు 80 కి.మీ. లాక్కొస్తుంది. రాత్రి సూళ్లూరుపేట దాటాక సైడ్‌వాల్ చిరిగితే కిట్ ఏమీ చేయలేదు, టో ట్రక్కే గతి. మీరు ఊళ్లోనే తిరిగితే మార్చండి. నాలుగూ ఒకేసారి మార్చాలి, రెండు ఇవి రెండు అవి కుదరదు. సైడ్‌వాల్ మీద నక్షత్రం గుర్తు ఉంటే బీఎండబ్ల్యూ కోసం ఒప్పుకున్న టైరని అర్థం. లేకపోయినా పాపమేమీ కాదు, సైజు, లోడు అంకె, వేగం అక్షరం సరిపోతే చాలు.

● నైట్రోజన్ నింపిస్తే పట్టు పెరుగుతుందా?

పెరగదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం అది. ఆ డబ్బుతో చిన్న ప్రెషర్ గేజ్ కొని డాష్‌బోర్డులో వేసుకోండి. బంకుల్లో గేజులు ఎంత నిజం చెబుతాయో తెలుసుకోవాలని మొన్న మా దారిలో ఉన్న మూడు బంకుల్లో ఒకే చక్రానికి చూపించాను. 31 అని ఒకటి, 34 అని ఒకటి. మూడోదానికి ముల్లే లేదు.