జపాన్‌లో తాగినవాడి కారెక్కితే ఎక్కినవాడికీ కేసే

"ఫుకువోకాలో వీకెండ్ పార్టీలయ్యాక ఫ్రెండ్ రెండు బీర్లు తాగి కారులో దింపుతానంటాడు, డ్రైవ్ చేసేది నేను కాదుగా, నాకేం ఇబ్బంది?" అని అడిగారు కదా. ఇబ్బంది మీకూ ఉందండీ. దయచేసి ఎక్కకండి.

మన దగ్గర 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. అక్కడ లీటరు ఊపిరికి 0.15 మి.గ్రా. ఉంటే చాలు, లెక్క దాదాపు ఒకటే. తేడా అంతా శిక్ష ఎవరికన్న దాంట్లో ఉంది. 2006 ఆగస్టులో మీరుంటున్న ఫుకువోకాలోనే, తాగి నడిపిన ఒకతను వెనక నుంచి గుద్దితే ఒక కుటుంబం కారు వంతెన మీంచి నీళ్లలో పడి ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. ఇప్పటికీ అది చదివితే మనసు కలుక్కుమంటుంది. మరుసటి ఏడాది చట్టం బిగించారు. తాగాడని తెలిసీ దింపమని అడిగి ఎక్కినవాళ్లకు, నడుపుతాడని తెలిసీ మందు పోసినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు లేదా 3 లక్షల యెన్ల వరకు జరిమానా. డ్రైవర్ తూలేంత తాగి ఉంటే ఇంకా ఎక్కువ. కారు ఇచ్చినవాళ్లకైతే డ్రైవర్‌తో సమానమైన శిక్షే.

సైకిల్ మీద వెళ్దామనీ అనుకోకండి, 2024 నవంబర్ నుంచి దానికీ ఇదే 0.15 లెక్క.

మీ ఫ్రెండ్‌కి 'దైకో' సంగతి చెప్పండి. ఫోన్ చేస్తే ఇద్దరు వస్తారు. ఒకరు అతని కారు నడుపుతారు, రెండోవారు తమ బండిలో వెనకే వస్తారు. పొద్దున కారు ఇంటి ముందే ఉంటుంది. మీరు మాత్రం ఆఖరి రైలు టైమ్ ముందే చూసి పెట్టుకోండి.