నానో బంగారం ఎర్రగా రాకుండా ఊదాగా ఎందుకు వస్తోంది? వైవాలో రంగు గురించి అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: చెన్నైలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టులో రెండు శాంపిల్స్ ఉన్నాయి. ఒకటి బంగారు నానో కణాలు, రెండోది మాంగనీస్ కలిపిన జింక్ సల్ఫైడ్. బంగారం మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఊదా రంగే వచ్చింది, మర్నాటికి అడుగున నల్లగా దిగిపోయింది. జింక్ సల్ఫైడ్ ఎన్ని రకాలుగా చేసినా బ్యాండ్ గ్యాప్ ఒకటే వస్తోంది. రెండింటి రంగుకీ కారణం క్వాంటమ్ కన్‌ఫైన్‌మెంట్ అని రాస్తే వైవాలో సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

సరిపోదండీ. కన్‌ఫైన్‌మెంట్ అంటే కణం చిన్నదై లోపలి ఎలక్ట్రాన్ ఇరుకున పడటం. జింక్ సల్ఫైడ్ దగ్గర ఆ మాట నడుస్తుంది, మీ బంగారం దగ్గర నడవదు. రెండింటికీ ఒకే వాక్యం రాసి వైవాలో దొరికిపోయినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ముందు మీ ఊదా రంగు సంగతి చూద్దాం. శాంపిలే లేకపోతే వైవా ఎక్కడిది?

నాదీ చెన్నైలోనే, ఒక ప్రైవేటు కాలేజీ. 2019 ఎండాకాలం. ఆ ఏడు ఇక్కడ ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. మా వీధిలోకి ట్యాంకర్ వచ్చిందంటే నిద్రలో ఉన్నవాళ్లు కూడా బిందెలు పట్టుకుని దిగేవాళ్లు. కాలేజీలో అయితే డిస్టిలేషన్ యూనిట్ ఆపేశారు. అది ఒక లీటరు శుద్ధమైన నీళ్లు ఇవ్వాలంటే కండెన్సర్ చల్లబడటానికి ఎన్నో లీటర్ల కుళాయి నీళ్లు పారాలి. తాగడానికే లేని రోజుల్లో ఎవరు పారనిస్తారు? దాంతో నేను తెలివిగా బ్యాటరీలు అమ్మే షాపులో 5 లీటర్ల 'డిస్టిల్డ్ వాటర్' క్యాన్ కొనుక్కొచ్చాను.

సరిగ్గా మీకొచ్చిన రంగే వచ్చింది. మా ల్యాబ్ అటెండర్‌ది చిత్తూరు వైపు. ఫ్లాస్క్ లైటుకి పెట్టి చూసి, "ఏం సార్, దానిమ్మ రసం అంటిరి, నేరేడు రసం తీసుకొస్తిరి" అన్నాడు. నవ్వి ఊరుకోలేదు. నా క్యాన్ నీళ్లు టెస్ట్ ట్యూబులో కొంచెం పోసి, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేశాడు. నీళ్లు మజ్జిగ తేటలా తెల్లబడ్డాయి. నీళ్లలో క్లోరైడ్ ఉంటే వెండితో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా విరుగుతుంది, అంతే. ఇరవై ఏళ్లు ల్యాబులో ఉన్న మనిషికి నానో అక్కర్లేదు, నీళ్లు తెలిస్తే చాలు.

మీరు కూడా మొదట ఈ పరీక్షే చేయండి. తెల్లబడితే ఆ నీళ్లు పక్కన పెట్టేసి, దగ్గర్లో మిల్లీక్యూ (అతిశుద్ధమైన నీళ్లిచ్చే యంత్రం) ఉన్న డిపార్ట్‌మెంట్ నుంచి 2 లీటర్లు అడిగి తెచ్చుకోండి. సిగ్గుపడకండి, అందరూ అడుగుతారు.

ఉప్పుకీ రంగుకీ ఏమిటి సంబంధం అంటారా? సిట్రేట్ పద్ధతిలో సిట్రేట్‌ది రెండు ఉద్యోగాలు. బంగారు లవణాన్ని లోహంగా మార్చేదీ అదే, పుట్టిన కణం చుట్టూ చేరి దానికి రుణావేశం ఇచ్చేదీ అదే. ఆ ఆవేశం వల్లే కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. నీళ్లలో లవణాలు, ముఖ్యంగా కాల్షియం లాంటివి ఉంటే ఆ తోపుడు తగ్గిపోతుంది. కణాలు గుంపులు కడతాయి. విడిగా ఉన్నంతసేపు ఎరుపు, గుంపు కడితే ఊదా, ఇంకా కడితే నీలం, చివరికి అడుగున నల్లటి మడ్డి. మీ ఫ్లాస్కులో జరుగుతున్నది అదే అయ్యుండాలి.

నీళ్లు బాగానే ఉన్నాయని తేలితే తర్వాత అనుమానించాల్సింది ద్రావణాన్ని తిప్పే మాగ్నెటిక్ బీడ్‌ని. సీనియర్లు వాడి వదిలేసిన బీడ్ మీద కంటికి సరిగా ఆనని బూడిద రంగు పొర ఉంటుంది. అది పాత బంగారం. కొత్త బంగారం నీళ్లలో పుట్టే బదులు వెళ్లి దాని మీద పేరుకుంటుంది. ఫ్లాస్కు, బీడ్ రెండూ ఆక్వా రీజియాతో కడగాలి. మూడు వంతులు హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్, ఫ్యూమ్ హుడ్‌లోనే. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, మిగిలింది సీసాలో పోసి మూత బిగించకూడదు. వాయువు పుడుతూనే ఉంటుంది, సీసా పేలుతుంది. మా పక్క ల్యాబులో పేలింది కూడా. అదృష్టం బాగుండి అప్పుడు అందరూ టీకి వెళ్లారు.

ఇక బంగారు లవణం. గ్రాము సీసా కోసం మా గైడ్ మూడు చోట్ల సంతకాలు పెట్టించారు. తీరా వచ్చాక నేను చేసిన పని, ఆ సీసా తెరిచి 5 మిల్లీగ్రాములు తూచబోవడం. చెన్నై గాలిలో తేమ సంగతి తెలుసుగా. నారింజ రంగు పలుకులు బ్యాలెన్స్ దాకా వెళ్లేలోపే చెమ్మగిల్లి బెల్లం పాకంలా గరిటెకి అంటుకున్నాయి. పైగా అది స్టీలు గరిటె. ఆ లవణం స్టీలుని తినేస్తుంది, బంగారం గరిటె మీద దిగిపోతుంది. కాబట్టి తూచే జోలికే పోకండి. గ్రామూ ఒకేసారి 100 మిల్లీలీటర్ల మంచి నీళ్లలో కరిగించి, గోధుమ రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అది సుమారు 25 మిల్లీమోలార్ అవుతుంది. అందులోంచి అర మిల్లీలీటరు తీసి 50 మిల్లీలీటర్ల నీళ్లలో వేస్తే మీకు కావాల్సిన 0.25 మిల్లీమోలార్ వచ్చేస్తుంది. సిట్రేట్ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. మన ఎండలకి నాలుగు రోజుల్లో సీసాలో దూదిపోగుల్లా బూజు తేలుతుంది.

చేసే విధానం పెద్ద విద్యేం కాదు. టర్కెవిచ్ బృందం 1951లో చెప్పిందే ఇప్పటికీ నడుస్తోంది. బంగారు ద్రావణం తెర్లుతూ ఉండాలి, ఏదో వేడెక్కింది అంటే కుదరదు. బాగా తిప్పుతూ 1 శాతం సోడియం సిట్రేట్‌ని ఒక్క విసురున వేయాలి. లేత పసుపు ముందు వెలిసిపోయి రంగులేని నీళ్లలా అవుతుంది. ఒక నిమిషం ఏమీ జరగదు, ఇక్కడే చాలామంది కంగారుపడి ఇంకొంచెం సిట్రేట్ పోస్తారు. ఆగండి. సిరా నీళ్లలా నల్లబారుతుంది, తర్వాత ఊదా, ఆ తర్వాత ఎరుపు. ఇంకో పావుగంట తెర్లనిచ్చి దించండి. దారిలో వచ్చే ఊదా మామూలే, అక్కడే నిలిచిపోతే మాత్రం తేడా ఉన్నట్టు.

పరిమాణం మార్చాలంటే 1973లో ఫ్రెన్స్ చూపిన దారి ఉంది. ఇదే 50 మిల్లీలీటర్లకి 1 మిల్లీలీటరు సిట్రేట్ వేస్తే సుమారు 16 నానోమీటర్ల కణాలు, అరే వేస్తే సుమారు 41 నానోమీటర్లవి వస్తాయి. సిట్రేట్ తగ్గితే మొలకలు (తొలి చిన్న కణాలు) తక్కువ పుడతాయి, ఉన్న బంగారమంతా ఆ కొద్ది మొలకలకే పోతుంది. అందుకని ఒక్కోటి పెద్దదవుతుంది.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. నా వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి ఎగ్జామినర్) మొదట అడిగింది, పీక్ గురించి, అంటే కాంతిని అన్నిటికన్నా ఎక్కువ పీల్చుకునే చోటు గురించి: "16 నానోమీటర్ల నుంచి 41కి వెళ్తే పీక్ ఎంత జరిగింది?" చూసి చెప్పాను, 520 నుంచి 530 లోపే. "కన్‌ఫైన్‌మెంట్ అయితే ఇంతేనా జరిగేది?" నోరు మూతపడింది.

బంగారంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. నిండు బిందె నడుం మీద పెట్టుకుని నడుస్తుంటే నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి కదా. నీళ్ల ఊపుకీ మన అడుగుకీ జత కుదిరిందా, చీర మొత్తం తడిసిపోతుంది. కాంతి అలా అడుగు వేస్తే కణంలోని ఎలక్ట్రాన్ల గుంపు మొత్తం కలిసి ఊగుతుంది. చిన్న బంగారు గోళాలకి ఆ జత కుదిరేది 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతితో. ఆకుపచ్చ అక్కడ ఖర్చయిపోతుంది, మన కంటికి ఎరుపు మిగులుతుంది. దీని పేరు సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. ఇది పూర్తిగా క్లాసికల్ లెక్క. 1908లో గుస్తావ్ మీ దీన్ని మాక్స్‌వెల్ సమీకరణాలతోనే తేల్చేశాడు, అప్పటికి క్వాంటమ్ మెకానిక్స్ పుట్టనేలేదు. వైవాలో ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు. ఈ ఊపు పరిమాణాన్ని పెద్దగా పట్టించుకోదు గానీ పక్కవాణ్ణి బాగా పట్టించుకుంటుంది. రెండు కణాలు ఆనుకుంటే రెండింటి ఊపూ ముడిపడి, పీక్ 600 దాటి వెళ్లిపోతుంది. అదే మీ ఊదా. బంగారం 2 నానోమీటర్ల కన్నా చిన్నదైతే ప్లాస్మాన్ పీకే మాయమై క్వాంటమ్ కథ మొదలవుతుంది, కానీ సిట్రేట్ పద్ధతిలో మనం అక్కడికి వెళ్లం.

జింక్ సల్ఫైడ్, కాడ్మియం సెలినైడ్ లాంటి సెమీకండక్టర్ల ఇల్లు వేరు. అక్కడ ఊగడానికి స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్లు లేవు. ఉన్నవాటికి ఎదురుగా ఒక గడప ఉంటుంది, అదే బ్యాండ్ గ్యాప్. కాంతికి ఆ గడప దాటించే శక్తి ఉంటేనే కణం దాన్ని పీల్చుకుంటుంది. కణం చిన్నదయ్యేకొద్దీ ఎలక్ట్రాన్ ఇరుకున పడి గడప ఎత్తు పెరుగుతుంది. పెరిగేది కూడా, మోటుగా చెప్పాలంటే, వ్యాసార్థపు వర్గానికి విలోమంగా. అందుకే ఇక్కడ పరిమాణం రంగుని అమాంతం మార్చేస్తుంది. గ్యాప్ 1.74 ఎలక్ట్రాన్ వోల్టులున్న కాడ్మియం సెలినైడ్‌నే 2 నానోమీటర్లకి తెస్తే నీలంగా, 6 నానోమీటర్లకి తెస్తే ఎర్రగా వెలుగుతుంది. 2023 కెమిస్ట్రీ నోబెల్ బావెండి, బ్రస్, ఎకిమోవ్‌లకి వచ్చింది ఈ పనికే. ఎక్స్‌టర్నల్ ఈ మూడు పేర్లూ అడగొచ్చు, రాసుకోండి.

మరి మీ బ్యాండ్ గ్యాప్ ఎందుకు కదలట్లేదు? దీనికి నా దగ్గర ఇంకో పరువు తక్కువ కథ ఉంది. మూడు రకాలుగా జింక్ సల్ఫైడ్ చేశాను, మూడింటికీ 340 నానోమీటర్ల దగ్గరే ఎడ్జ్ (కాంతిని పీల్చుకోవడం మొదలయ్యే చోటు) వచ్చింది. 1240ని నానోమీటర్లతో భాగిస్తే శక్తి వస్తుంది, 340తో భాగిస్తే 3.65 ఎలక్ట్రాన్ వోల్టులు. పుస్తకంలో మామూలు జింక్ సల్ఫైడ్‌కి 3.6, 3.7 అని ఉంటుంది కాబట్టి పోల్చుకుని మురిసిపోయాను. గైడ్ గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు. "అదే క్యువెట్‌లో ఉత్త నీళ్లు పోసి తీసుకురా" అన్నారు. క్యువెట్ అంటే శాంపిల్ పోసి కొలిచే చిన్న పాత్ర. తీశాను. నీళ్లకి కూడా 3.65 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ వచ్చింది!

నేను కొలిచింది క్యువెట్ గాజుని. పైగా బేస్‌లైన్ (పోల్చుకోవడానికి ముందు తీసే కొలత) క్యువెట్ లేకుండా తీశాను. గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఆ ప్రాంతం కన్నా కిందికి దిగాక యూవీని సరిగా పోనివ్వవు. క్వార్ట్జ్ క్యువెట్ కావాలి. దాని మీద చాలావరకు 'క్యూ' అక్షరం చెక్కి ఉంటుంది, లైటుకి వంచి చూడండి. బేస్‌లైన్ కూడా అదే క్యువెట్‌లో అదే ద్రావకం పోసి తీయండి. నేను క్వార్ట్జ్‌కి మారాక ఒక శాంపిల్ ఎడ్జ్ 310కి, ఇంకోటి 295కి జరిగాయి, అంటే 4, 4.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అప్పుడు కన్‌ఫైన్‌మెంట్ అన్న మాట ధైర్యంగా రాశాను.

మాంగనీస్ కలిపారు కాబట్టి మరో సంగతి. దాని నారింజ వెలుగు 590 నానోమీటర్ల దరిదాపుల్లో వస్తుంది, కణం ఎంతున్నా అక్కడే వస్తుంది. ఆ వెలుగు గడప నుంచి రావట్లేదు, మాంగనీస్ అయాను లోపలి ఎలక్ట్రాన్ల నుంచి వస్తోంది. ఎడ్జ్ జరిగింది, వెలుగు జరగలేదేం అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. వెలుగు చూడటానికి దొంగనోట్లు చూసే లాంప్ తెచ్చుకుంటే అంతంతమాత్రమే. అది 365 నానోమీటర్లది, జింక్ సల్ఫైడ్ గడప దాటించే శక్తి దానికి లేదు. 254 నానోమీటర్ల లాంప్ కావాలి, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. పొడిని గాజు వయల్‌లో ఉంచి వెలిగిస్తే మళ్లీ గాజే అడ్డం పడుతుంది, వాచ్ గ్లాసు మీద ఆరబోసి పైనుంచి వేయండి. గది చీకటి చేస్తే నారింజ రంగు కనిపిస్తుంది. ఆ రోజు మా ల్యాబులో అందరూ ఫోన్లు తీశారు, ఎవరి ఫొటోలోనూ ఆ రంగు సరిగా పడలేదు.

కణాల ఫొటో తీసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, అదే టెమ్, దాని స్లాట్ దొరక్కపోయినా బాధపడకండి. పీక్ 520 దగ్గర సన్నగా ఉంటే బంగారం బాగా వచ్చినట్టే. 600 తర్వాత కూడా తోకలా సాగితే గుంపు కట్టినట్టు. నా థీసిస్‌లో టెమ్ ఫొటోలు రెండే, మిగతా వాదనంతా యూవీ-విజ్ (ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫ్) మీదే నడిపాను, ఎవరూ ఏమీ అనలేదు.

వైవా రోజు ఎర్రటి ద్రావణం రెండు చిన్న వయల్స్‌లో తీసుకెళ్లండి, జేబులో చిటికెడు వంటింటి ఉప్పు పొట్లం పెట్టుకోండి. రంగు గురించి అడగ్గానే ఒక వయల్‌లో ఉప్పు వేసి కదపండి. వాళ్ల ముందే ఎరుపు నీలమవుతుంది. కణాల పరిమాణం మారలేదు, దూరమే మారింది అని చెప్పండి. ముందు రోజు ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి, ఉప్పు మరీ తక్కువైతే ఊదా దగ్గరే ఆగిపోతుంది.

మీరు సిట్రేట్ ఎన్ని మిల్లీలీటర్లు వేస్తున్నారో, క్యువెట్ ఏదో రాయలేదు. సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూశాక ఆ రెండూ కూడా చెప్పండి, మిగతాది అప్పుడు చూద్దాం.